పర్లేదులెండి

పది గంటలు. ఫారం నా ముందుంది. పదకొండింటికి కాంక్రీటు బండ్లు గేటు దగ్గరికి వస్తాయి, ఈలోగా నేను చెయ్యాల్సింది ఒక్క సంతకం, దానికి పట్టేది రెండు క్షణాలు, అయినా పెన్ను మూత తీస్తున్నాను, పెడుతున్నాను, మళ్లీ తీస్తున్నాను, రేకుల గదిలో ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి నా దాకా రావడం లేదు, కిటికీలోంచి చూస్తే ఎదురుగా కొత్త బస్టాండు మొదటి స్లాబు, ఇంకా స్లాబు కూడా కాదు, చెక్కల మీద పరిచిన ఇనుప ఊచలు, వాటి మీద అటూ ఇటూ తిరుగుతున్న పసుపు హెల్మెట్లు, కింద నీడలో రెండు వందల జాకీలు. జాకీ అంటే పెద్ద యంత్రమేమీ కాదు, నిలువుగా నిలబెట్టే ఇనుప గొట్టం, కాంక్రీటు గట్టిపడేదాకా పై బరువంతా మోసేది అదే, గట్టిపడ్డాక దాన్ని ఎవరూ తలుచుకోరు. పోసేటప్పుడు పైన పద్దెనిమిది మంది ఉంటారు, కింద జాకీలు కనిపెట్టుకుని నలుగురు. ఇరవై రెండు మంది. సంతకం మాత్రం ఒక్కటే, నాది.

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా ఆయన, జరగని వాటికి జీతం తీసుకుంటుందండీ అంటాడు. వాళ్లు నవ్వుతారు, నేనూ నవ్వుతాను, అందులో అబద్ధమేమీ లేదు, కూలని గోడలు, తెగని తాళ్లు, పడని మనుషులు, ఇవే నేను చేసిన పని, ఇన్నేళ్లలో ఏం కట్టావమ్మా అంటే వేలు పెట్టి చూపించడానికి ఒక్క ఇటుక లేదు. నా చేతిలో ఉన్నది ఈ ఫారమే. ఒక్కో ప్రమాదానికి ఒక్కో వరస, ఒక్కో వరసలో రెండు గళ్లు, జరిగే అవకాశం ఎంత, జరిగితే నష్టం ఎంత, రెండింటికీ ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు, ఆ రెండూ హెచ్చవేస్తే వచ్చింది పన్నెండు దాటితే పని ఆపాలి. అవకాశం అన్న మాట మొదటిసారి చదివినప్పుడు, పాపం ప్రమాదానికి కూడా మనం ఒక అవకాశం ఇస్తున్నాం కాబోలు అనుకున్నాను. ఏడో వరస, స్లాబు కింద జాకీలు కుంగడం. నష్టం అయిదు, దాని మీద వాదన లేదు, ఇరవై రెండు మంది ఉన్నచోట నాలుగు వేసే మనిషి ఎవరూ ఉండరు. అవకాశం రెండు. నిన్న సాయంత్రం నేనే వేశాను, నా చేతిరాతే, కొంచెం తొందరగా వేసినట్టు రెండు అంకె తోక పొడుగ్గా ఉంది. అయిదు రెళ్లు పది. పక్కన రిమార్కుల గడిలో, నీళ్ల ట్యాంకు వైపు మూల నేల ఫర్వాలేదు, సెంట్రింగ్ మేస్త్రి చెప్పారు. అంత శుభ్రంగా, అంత పుస్తకాల భాషలో రాశాను. ఆయన అన్నది అది కాదు.

మూడు రోజులు వాన కురిసింది, నిన్న మధ్యాహ్నం తెరిపిచ్చింది, ఆ మూల ఎప్పుడూ పల్లమే, ట్యాంకు నుంచి కారే నీళ్లు కూడా అటే పోతాయి. నేను వెళ్లి చూశాను, చూడలేదని ఎవరూ అనలేరు, నిన్న చూశాను, పొద్దున బస్సు దిగగానే మళ్లీ చూశాను, కానీ జాకీల అడుగున చెక్క పలకలు వేసేశారు, పలకల చుట్టూ పొడి ఇసుక చల్లారు, పైకి చూస్తే అంతా ముగ్గుపిండి జల్లినట్టు తెల్లగా, చక్కగా ఉంది, పలక కింద ఏముందో పలక వేసినవాడికే తెలియాలి. వేసింది ఆ సెంట్రింగ్ మేస్త్రే, స్లాబు కింద చెక్కలూ జాకీలూ బిగించే పనంతా ఆయనదే. ఈ సైటులో అందరికంటే పెద్దవాడు, తెల్ల మీసం, కుడి చెవికి సరిగ్గా వినపడదు, నాతో మాట్లాడేటప్పుడు ఎడమ చెవి ఇటు తిప్పుతాడు. నిన్న సాయంత్రం అడిగాను. మేస్త్రిగారూ, ట్యాంకు వైపు మూలలో నేల ఎలా ఉంది అని. ఆయన చేతిలో సుత్తి ఉంది, దాన్ని రెండో చేతిలోకి మార్చుకున్నాడు, నా వైపు చూడలేదు, స్లాబు వైపూ చూడలేదు, తన చెప్పుల వైపు చూసి అన్నాడు.

"పర్లేదులెండి."

పర్లేదు కాదు. పర్లేదులెండి. ఈ రెండింటికీ తేడా ఏమిటని ఫారం తయారు చేసినవాళ్లు అడిగితే నేను చెప్పలేను, అర్థాలు రాసి పెట్టిన పుస్తకంలో వెతికినా దొరకదు, కానీ ఈ భాషలో పుట్టిన పసిపిల్లకి కూడా తెలుసు. కూర ఎలా ఉంది అంటే పర్లేదు అన్నాడనుకో, తినొచ్చు. పర్లేదులే అన్నాడనుకో, ఉప్పు ఎక్కువైందన్నమాట, అయినా నిన్ను ఏమీ అనదలుచుకోలేదన్నమాట. కాలు తొక్కితే పర్లేదు అంటే నొప్పి లేదు, పర్లేదులెండి అంటే నొప్పి ఉంది, భరిస్తాను, మీరు వెళ్లండి. ఆ చివర తగిలించిన రెండక్షరాల్లోనే అసలు సంగతంతా ఉంటుంది, ఎదుటివాడి బరువు తన మీద వేసుకునే మాట అది, మర్యాద, జాలి, అలసట, ఇంక ఈ విషయం వదిలెయ్యండి అనే బతిమాలుకోవడం, అన్నీ అందులోనే. ఆ లెండిని నేను ఎక్కడ పెట్టాలి. అవకాశం గడిలోనా, నష్టం గడిలోనా. దానికి గడి లేదు, అందుకని కత్తిరించి పారేసి మిగిలింది రాసుకున్నాను.

పది గంటల ఇరవై నిమిషాలకి ఫోన్. మేనేజరు. సైటులో అందరూ వెనకాల ఆయన్ని అయిపోయింది సారు అంటారు, ఏ పని సంగతి అడిగినా మొదలుపెట్టకముందే అయిపోయింది అంటాడు గనక, పునాది తవ్వుతుంటే స్లాబు అయిపోయినట్టే అంటాడు, పైవాళ్లు వస్తున్నారంటే రంగులు కూడా అయిపోయినట్టే. చెడ్డవాడు కాదు, పైనుంచి ఒత్తిడి వస్తే ఆయనకి పొట్టలో మంట, సొరుగులో ఎప్పుడూ మాత్రల డబ్బా ఉంటుంది. "సంతకం అయిపోయిందా మేడమ్" అన్నాడు. "చూస్తున్నాను సార్" అన్నాను. "చూసేదేముంది, అయిపోయినట్టే కదా, మొదటి బండి బయల్దేరిపోయింది" అన్నాడు. బయల్దేరిపోయింది. అంటే ఇప్పుడు దాని కడుపులో కాంక్రీటు గిర్రున తిరుగుతూ ఉంటుంది, గంటన్నరలో పొయ్యకపోతే బిగుసుకుంటుంది, మనుషుల్లాగా దాన్ని కాసేపు కూర్చోండి అనలేం. సరే సార్ అని ఫోన్ పెట్టేశాను, సరే అంటే ఏమిటో నాకే తెలియదు, మనం ఫోన్ పెట్టెయ్యడానికి కూడా సరే అంటాం.

పొద్దున అత్తయ్య ఏమంది. ఇది అప్పటినుంచీ బుర్రలో తిరుగుతోంది, బస్సులోనూ తిరిగింది, ఈ ఫారం ముందు కూర్చున్నాకా వదలలేదు. గుమ్మం దగ్గర బూట్ల తాళ్లు కట్టుకుంటూ అడిగాను, కుడి కన్ను ఎలా ఉందత్తయ్యా, చుక్కలు వేసుకున్నారా అని. వంటింట్లో మా ఆయన మిక్సీ వేశాడు, అది మొత్తుకుంటోంది, అత్తయ్య పర్లే అనడం దాకా వినపడింది, తర్వాత దు ఉందో, దులే ఉందో, మిక్సీ తినేసింది. నేను ఆగలేదు. బస్సు పోతుందని ఆగలేదు. ఎడమ కన్ను అలాగే పోయింది ఆవిడకి. ఆరు నెలలు అడుగుతూనే ఉన్నాను, నా అంత బాధ్యత గల కోడలు లేదని నాకు నేనే అనుకుంటూ వారానికోసారి అడిగేదాన్ని, చూపు ఎలా ఉందత్తయ్యా, పర్లేదులేమ్మా, చూపు ఎలా ఉందత్తయ్యా, పర్లేదులేమ్మా. ఒకరోజు భోజనాల దగ్గర నీళ్లు గ్లాసులో కాకుండా గ్లాసు పక్కన పోసింది, బల్లంతా నీళ్లు, గ్లాసే జరిగిందమ్మా నేనేం చెయ్యను అంది, అందరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. నేనూ నవ్వాను. ఊరందరి ప్రమాదాలకీ మార్కులు వేసే మనిషిని నేనూ నవ్వాను. డాక్టరు దీపం పెట్టి చూసి, ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదా అంటే తల కొట్టేసినట్టయింది, నేను నోరు తెరిచేలోపు అత్తయ్యే, నేనే చెప్పలేదండీ, వాళ్ల తప్పేం లేదు అంది. కానీ చెప్పింది కదా. ప్రతి వారం చెప్పింది. చివర్లో చెప్పింది, చిన్నగా చెప్పింది, నేను మొదటి ముక్క పట్టుకుని పోయాను. ఇంటికొచ్చాక ఆవిడ మంచం పక్కన కూర్చుని ఏడిస్తే, నా తల మీద చెయ్యి వేసి, పర్లేదులేవే, ఇంకోటి ఉందిగా అంది.

పది గంటల ముప్ఫై అయిదు. ఎవరో స్లాబు మీదనుంచి కిందవాళ్లని కేకేస్తున్నారు, పైపు జరపమని కాబోలు. ఇప్పుడు లేచి వెళ్లి మళ్లీ అడిగితే ఏమవుతుంది, ఏమవుతుందో నాకు తెలుసు, ఎలా ఉంది మేస్త్రిగారూ అంటే మళ్లీ అదే మాట వస్తుంది, అడిగిన ప్రశ్నే అలాంటిది, ఎలా ఉంది అన్న ప్రశ్నకి మనవాళ్ల దగ్గర ఒకటే జవాబు, ఆసుపత్రి మంచం మీద ఉన్నవాణ్ని అడిగినా అదే చెబుతాడు. కిందటి వారం నేను క్రేను ఆపించాను. గాలి పెరుగుతుందని అంచనా, ఆపించాను, రెండు గంటలు అందరూ ఆకాశం కేసి చూశారు, ఒక్క ఆకు కదల్లేదు. మేనేజరు అందరి ముందూ, మీ అంచనాలు నమ్ముకుంటే ఈ బస్టాండులో మన మనవలు బస్సెక్కుతారు మేడమ్ అన్నాడు. కొందరు నవ్వారు. నేను నీళ్లు నములుతూ నిలబడ్డాను, చెవుల దాకా వేడెక్కింది, అప్పుడు మేస్త్రి నా పక్కనే ఉన్నాడు, కింద పడిన మేకు ఏదో వెతుకుతున్నట్టు వంగి, అందరూ వెళ్లిపోయేదాకా ఆ లేని మేకు వెతుకుతూనే ఉన్నాడు. నా మొహం చూడకుండా ఉండటానికి. అది గుర్తొచ్చి ఇప్పుడు నా చేతిలో పెన్ను ఆగిపోయింది.

నిన్న ఆయన చెప్పుల వైపు చూసింది కూడా అందుకే. నాకోసం. మళ్లీ పని ఆపమంటే ఈవిడ మళ్లీ తిట్లు తింటుంది, ఎందుకు పాపం, అని. నిజం చెప్పుకోవాలంటే ఇంకోటి కూడా ఉంది, దాన్ని చుట్టూ తిరిగి వస్తున్నాను గానీ దాని మీద కాలు పెట్టడం లేదు, ఆ లెండి నాకు వినపడింది. మిక్సీ లేదు, బస్సు లేదు, గాలి కూడా లేదు, సాయంత్రం సైటంతా సద్దుమణిగి ఉంది, స్పష్టంగా వినపడింది. విననట్టు ఊరుకున్నాను. మళ్లీ అందరి ముందూ నిలబడలేక, ఈ ఒక్కసారికీ ఏమీ కాదులే అనుకుని, ఆయన నాకోసం దాచింది నేను నాకోసం తీసుకుని రెండు వేశాను. ఇద్దరం ఒకరి మీద ఒకరం దయ చూపించుకున్నాం, ఆ దయ మీద ఇప్పుడు ఇరవై రెండు మంది ఎక్కబోతున్నారు.

లేచాను. ఫారం చేతిలోనే ఉంది, హెల్మెట్ పెట్టుకున్నానో లేదో తడిమి చూసుకున్నాను, ఉంది. గది నుంచి స్లాబు దాకా నూటయాభై అడుగులు ఉంటుంది, మధ్యలో ఇసుక కుప్ప, ఊచల కట్టలు, తలుపు లేని మరుగుదొడ్డి, ఎన్నిసార్లు నడిచానో ఈ దారిలో, ఈ పూట మాత్రం ఏం అడగాలో తెలియకుండా నడుస్తున్నాను, నేల ఎలా ఉంది అని అడగకూడదు, నిజం చెప్పండి అనకూడదు, అలా అంటే అబద్ధం చెప్పారన్నట్టే, ఆయన అబద్ధం చెప్పలేదు, నేనే సగం విన్నాను. మేస్త్రి జాకీల మధ్య ఉన్నాడు, కింద ఉండాల్సిన మిగతా ముగ్గురికీ ఎవరెక్కడ నిలబడాలో చేత్తో చూపిస్తున్నాడు, నువ్వు గేటు వైపు, నువ్వు మెట్ల దగ్గర, నువ్వు మధ్యలో. నన్ను చూసి ఎడమ చెవి తిప్పాడు.

"మేస్త్రిగారూ, నిన్న మీరు పర్లేదులెండి అన్నారు."

"అన్నానమ్మా."

"ఆ లెండి ఎందుకన్నారు?"

ఆయనకి అర్థం కాలేదు. నేను తప్పు పట్టడానికి వచ్చాననుకున్నట్టు మీసం దువ్వుకున్నాడు, మిగతా ముగ్గురూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు, అందులో ఒకడికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. నాక్కూడా వింతగానే ఉంది, ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంత చిన్న ప్రశ్న ఎవరినీ అడగలేదు. నేను కదల్లేదు. పైన ఎవరో ఊచల మీద నడుస్తుంటే చెక్కల సందుల్లోంచి ఇసుక రాలుతోంది, మా ఇద్దరి మధ్యా సన్నగా రాలుతోంది, ఆయన దాన్నే కాసేపు చూశాడు.

"పలకలు చాలలేదమ్మా" అన్నాడు చివరికి. "ఆ మూలకి వెడల్పువి కావాలి, స్టోరులో లేవు, పాత ముక్కలు వేశాం. నేల ఇంకా మెత్తగానే ఉంది. నిన్న బొటనవేలితో నొక్కితే కణుపు దాకా దిగింది. బండ్లకి చెప్పేశారని విన్నాను. మళ్లీ మీకు మాటొస్తుందని…"

"మరి కింద ఎవరుంటారు ఆ మూల?"

"నేనే ఉందామనుకున్నాను" అన్నాడు. "వీళ్లని ఇటు పంపిస్తున్నాను. కుంగడం మొదలైతే ముందు చప్పుడొస్తుంది, కేకేస్తే పైవాళ్లు దిగడానికి టైముంటుంది."

చప్పుడొస్తుంది. ఒక చెవి వినపడని మనిషి, ముప్ఫై టన్నుల తడి కాంక్రీటు కింద నిలబడి, చప్పుడు కోసం చెవి ఒగ్గి ఉండబోతున్నాడు. అదీ ఆయన అంచనా, అదీ ఆయన జాగ్రత్త, తన ఫారం తను పూర్తి చేసుకున్నాడు, అవకాశం ఎంతైనా వేసుకుని నష్టం గడిలో ఒక్క మనిషినే రాసుకున్నాడు. నాకు కోపం వచ్చింది, ఆయన మీద కాదు, ఆయన మీద కూడానేమో, ఫారాన్ని జాకీకి ఆనించి పెట్టి రెండు కొట్టేసి మూడు వేశాను, వేశాక చూస్తే చాలలేదు, మూడు కొట్టేసి నాలుగు వేశాను. అయిదు నాలుగులు ఇరవై. రిమార్కుల్లో ఫర్వాలేదు అన్న మాట కూడా కొట్టేసి, బొటనవేలు కణుపు దాకా దిగుతోంది అని రాశాను. ఇన్నేళ్లలో నేను రాసిన రిమార్కుల్లో ఇదొక్కటే చదివితే అర్థమయ్యేది.

పది గంటల యాభై నిమిషాలకి నేనే ఫోన్ చేశాను. ముందే ఆలోచించి పెట్టుకున్నాను, ఒట్టిగా ఆపండి అంటే ఎవరూ ఆపరు, దానికి బదులు ఏదో చేతికివ్వాలి, అది కూడా నా ఉద్యోగమే, జనం మర్చిపోయినా. "సార్, మొదటి బండిని ప్రహరీ పునాదికి మళ్లించండి, అక్కడ కందకం తవ్వి ఉంది, ఊచలు కట్టి ఉన్నాయి, కాంక్రీటు వృథా కాదు. మిగతా బండ్లు బయల్దేరొద్దని చెప్పండి. ఆ మూల తడి మట్టి తీసేసి కంకర వేసి, వెడల్పు పలకలు తెప్పించి వేస్తే రేపు మధ్యాహ్నానికి పోసుకోవచ్చు." మళ్లీ క్రేను సంగతి ఎత్తుతాడని నిలబడ్డాను, ఎత్తితే ఎత్తనీ, నిలబడ్డాను.

"గాలి లాంటిదేనా ఇది కూడా" అన్నాడు.

"కాదు సార్. మీరు రండి. బొటనవేలు పెట్టి చూడండి."

"మేస్త్రి పర్లేదన్నాడని రాశారుగా నిన్న."

"తప్పు రాశాను సార్. ఆయన చెప్పారు, నేనే సరిగ్గా రాయలేదు."

మాత్రల డబ్బా తెరిచిన చప్పుడు వినపడింది. తర్వాత, నేను ఆయన నోట ఎప్పుడూ వినని మాట ఒకటి అన్నాడు, చాలా చిన్న గొంతుతో, తనలో తను అనుకున్నట్టు. "కాలేదన్నమాట." కాలేదు సార్ అన్నాను. "పైవాళ్లని దించెయ్యండి ముందు. నేనొస్తున్నాను" అన్నాడు.

పసుపు హెల్మెట్లు ఒక్కొక్కటే నిచ్చెన దిగుతున్నాయి. పనిలేని పూట దొరికినందుకు ఒకడు ఈల వేస్తున్నాడు, ఇంకొకడు ఎందుకాపారో తెలియక నన్ను తిట్టుకుంటూ ఉండొచ్చు, తిట్టుకోనీ, దిగుతున్నాడు కదా, నేను వేళ్లు మడిచి లెక్కపెట్టాను, పద్దెనిమిది. కిందనుంచి నలుగురు బయటికొచ్చారు. మేస్త్రి ఆఖరున వచ్చి నా పక్కన నిలబడి, మీకు మాట రాకుండా చేద్దామనుకుంటే మీరే నెత్తిన వేసుకున్నారే అన్నాడు. పదకొండయింది. గేటు దగ్గర బండి హారను మోగింది, అది ప్రహరీ వైపు తిరిగింది.

ఇసుక కుప్ప పక్కకి వెళ్లి ఇంటికి ఫోన్ చేశాను. అత్తయ్యే ఎత్తింది, తడుముకుని ఎత్తినట్టుంది, చాలాసేపు మోగింది.

"అత్తయ్యా, పొద్దున మీరు పర్లేదు అన్నారా, పర్లేదులే అన్నారా?"

"ఏం తేడా పడిందే ఇప్పుడు" అని నవ్వింది. నేను నవ్వలేదు. పలకలేదు కూడా. అవతల గడియారం టిక్కుటిక్కుమనడం వినపడుతోంది, వినపడనిచ్చాను, ఈసారి ఎంతసేపైనా ఆగుదామనే ఉన్నాను.

"లే అన్నానమ్మా" అంది. "రెండు రోజులనుంచి దీపం చుట్టూ రంగులు కనిపిస్తున్నాయి. నీకు పని రోజులు, ఎందుకులే అని."

"తయారుగా ఉండండి, వస్తున్నాను, డాక్టరు దగ్గరికి ఇవాళే వెళ్దాం."

"పని పాడు చేసుకోకు. పని ఆగిపోతుంది నీవల్ల."

"ఆగిపోయిందత్తయ్యా" అన్నాను. "నేనే ఆపాను."